గోడ సందులో సగం సిగార్

నాకు గొప్ప నాలుక ఉందని బాబుపేట్‌లో ఆరేళ్లపాటు అందరూ నమ్మారు. నమ్మించింది నేనే. చుట్టల కార్ఖానాలో నా పని పొగాకు పరీక్ష. కట్ట విప్పి, ఒక ఆకు తీసి చుట్టి, కాల్చి చూసి, ఇది పైకి పనికొస్తుందా లోపలికి పనికొస్తుందా, దేనితో కలిపితే నిలుస్తుంది, నాలుగు నెలలు మగ్గితే ఏమవుతుంది అని సేటుకు చెప్పాలి. చెప్పేవాణ్ని. ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పకపోవడానికి కారణం ఆ మాటలు నావి కాకపోవడమే. అవి మా నాన్నవి. మేం బాపు అంటాం.

బాపు బొగ్గుగనిలో పనిచేసేవాడు. మావాళ్లు గని అనరు, బాయి అంటారు. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి మహారాష్ట్రలోని చంద్రపూర్ బాయిలో దిగినవాళ్లు మా బాబుపేట్ వాడ నిండా ఉండేవారు. నేను పొగాకు నమూనా తీసుకుని, “ఇది పొద్దున్నే ఖాళీ కడుపుతో తాగాలి సేటూ, ఇక్కడ కాదు” అని పెద్ద పండితుడిలా చెప్పి ఇంటికి తెచ్చేవాణ్ని. బాపు తాగి ఒక్క ముక్క చెప్పేవాడు. “ఇది ఊకె ఒర్రుతది, లోపట ఏం లేదు” అంటే నేను కార్ఖానాకు పోయి “ఘాటు పైపైనే ఉంది, సారం తక్కువ” అని విన్నవించేవాణ్ని. “ఇది మంచిదేరా, కొంచెం సిగ్గు పడుతున్నది, ఆగాలె” అంటే “ఇంకో రెండు నెలలు మగ్గనివ్వండి” అనేవాణ్ని. సేటు తలాడించేవాడు. నా జీతం పెరిగింది. బాపుకు మాత్రం రోజూ తాగే నాలుగు చుట్టలు ఉచితంగా దొరికాయి, అంతే.

నిజం చెప్పాలంటే నాకు ఏ చుట్టయినా ఒకటే. గొంతు మండుతుంది, కళ్లలో నీళ్లొస్తాయి, దగ్గు వస్తుంది. చుట్ట తాగడానికి ఓపిక కావాలి. నాకు కూర్చున్నచోట కాలు నిలిచేది కాదు. ఆ రోజుల్లో చంద్రపూర్‌లో నా వయసువాళ్లెవరికీ నిలిచేది కాదనుకుంటాను. ఇంటింటికీ కేబుల్ తీగ వచ్చింది. దాంతో పాటే బొంబాయి మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కిరాణా కొట్లలో పేర్లు తెలియని సబ్బులు, రంగు నీళ్ల సీసాలు. కొత్తగా బాయిలో చేరిన పడుచువాళ్లు చుట్టను చూసి నవ్వి తెల్లటి ఫిల్టర్ సిగరెట్లు కొనుక్కునేవారు. ఒకప్పుడు వరండా దాకా వరసలుగా కూర్చుని చుట్టలు చుట్టిన ఆడవాళ్లు ఇప్పుడు ఒక్క గదిలో సరిపోతున్నారు. ఈ కార్ఖానా ఎక్కువ రోజులు ఉండదని నాకు తెలుసు. అది మూతపడేలోగా నేను ఈ ఊరు దాటాలి. పగలూ రాత్రీ ఆ ఒక్క ఆలోచనే.

ఒక మే నెలలో దారి కనబడింది. సేటు బామ్మర్ది బొంబాయి నుంచి ఒక చిన్న చెక్కపెట్టె పంపాడు. అందులో మూడు సిగార్లు. పెట్టె అడుగున ఒక నంబరు కొట్టి ఉంది. ఈ రకం లెక్కపెట్టి కొన్ని పెట్టెలే చేశారట, మళ్లీ చెయ్యరట. బొంబాయిలో పెద్ద హోటళ్లకు సరుకు వేసే ఒక పెద్దమనిషి, ఇటువంటిది మన ఆకుతో మనదేశంలో ఎవరైనా చెయ్యగలరా అని వెతుకుతున్నాడు. ఆయన ఎల్లుండి సాయంత్రం మద్రాసు వైపు నుంచి వచ్చే బండిలో బల్లార్షా మీదుగా నాగపూర్ పోతున్నాడు. బండి అక్కడ చాలాసేపు ఆగుతుంది. అప్పుడే మా సేటు ప్లాట్‌ఫారం మీద ఆయన్ను కలిసి ఒక కాగితం ఇవ్వాలి. ఈ సిగార్‌లో ఏముంది, దీని గుణమేమిటి, దోషమేమిటి, మనం దీనికి ఎంత దగ్గరికి రాగలం అన్నది అందులో ఉండాలి.

సేటు పెట్టెను తువ్వాలు మీద పెట్టుకుని మళ్లీ మళ్లీ మూత తీసి చూశాడు. “మళ్ల చెయ్యనిదాన్ని అసలు ఎందుకు చేసిండ్రురా?” అని అడిగాడు. నాకూ తెలియదు. “కాగితం వాళ్లకు నచ్చితే నిన్ను బొంబాయి పిలుస్తరు తమ్మీ. ఆకు పరీక్ష అంతా నీ చేతికే. నీ అసొంటి నాలుక వాళ్లకు ఏడ దొరుకుతది?” అన్నాడు. నేను వినయంగా తలదించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరువు తెచ్చుకున్న నాలుకతో బొంబాయిలో ఎన్నాళ్లు నెగ్గుకొస్తానన్న సంగతి మాత్రం నాకు తట్టనే లేదు.

మూడింటిలో ఒకటి సేటు తీసుకున్నాడు. ఒకటి కోసి చూడటానికి కార్ఖానాలో అందరికంటే ఎక్కువ ఏళ్లుగా చుట్టలు చుడుతున్న ఆమెకు ఇవ్వాలనుకున్నాం. ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. మూడోది నాకు. అంటే బాపుకు.

పెద్దమనిషి వచ్చే రోజు పొద్దున్నే బాపు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ముట్టించకుండా చాలాసేపు వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కి విన్నాడు. “ఎండలేదు, తడి లేదు. మంచిగ దాసిండ్రు” అన్నాడు. పై ఆకు నూనె రాసినట్టు నున్నగా ఉంది, ఒక్క ఈనె కూడా పైకి తేలలేదు. నడుముకు చుట్టిన బంగారు రంగు కాగితం పట్టీని జాగ్రత్తగా ఊడదీసి, చాయ తెచ్చిన మా అవ్వ, అంటే మా అమ్మ, చిటికెన వేలికి తొడిగాడు. “ఇగో, బొంబాయి ఉంగరం.” అవ్వ సిగ్గుపడి, “ఈ వయసుల నీకు పరాచికాలేంది” అని తిట్టింది. పట్టీ మాత్రం తియ్యలేదు.

నేను తొందరపడుతున్నాను. “ముట్టియ్యి బాపూ.”

“ఇక్కడ కాదు, గోడకాడ” అన్నాడు.

ఆ గోడ సంగతి చెప్పాలి. గనిలోకి నిప్పు పోకూడదు. అగ్గిపెట్టె, బీడీ, చుట్ట ఏదీ పోకూడదు. గేటు దగ్గర ఒళ్లంతా తడిమి చూసి పంపుతారు. అందుకని గేటు బయట, పాడుబడ్డ పంపు గది గోడ దగ్గర మావాళ్లందరూ నిలబడి, చుట్టలో సగం తాగి, ఆర్పి, మిగతా సగాన్ని ఇటుకల సందులో దోపి దిగేవారు. సున్నం రాలిపోయి ఆ గోడ నిండా సందులే. ఎవరి సందు వాళ్లది. షిఫ్ట్ అయిపోయి పైకి రాగానే స్నానం కంటే ముందు, నీళ్ల కంటే ముందు, ఎవరి సగం వాళ్లు తీసుకుని ముట్టించేవారు.

ఆ గోడకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఎవరూ రాసిపెట్టలేదు. లోపల ఉన్నవాడి సగాన్ని ఇంకొకడు ముట్టకూడదు, కన్నకొడుకైనా సరే. మనిషి ప్రాణంతో పైకి రాకపోతే మాత్రం తోటివాళ్లే ఆ సగాన్ని తీసి ఇంటికి తెచ్చి, పాడె మీద అతని చేతిలో పెట్టేవారు. అందుకే మా వాడలో ప్రతి ఆడదానికీ తన మగడి సందు ఏదో తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలోనే తీసుకెళ్లి చూపించేవారు. మా బాపుది కింది నుంచి మూడో వరస, పగిలిన ఇటుక పక్కన. మనిషి లోపల ఉండగా సందు ఖాళీగా ఉందంటే దానికి ఒక్కటే అర్థం. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

గోడ దగ్గర బాపు సిగార్ ముట్టించాడు. తోటివాళ్లు చుట్టూ మూగి వాసన పీల్చారు. “ఇదేం చుట్టనే, పెండ్లికొడుకు లెక్క ఉన్నది” అని ఒకాయన నవ్వాడు. బాపు ఇంకో దమ్ము తీశాడు. పొగ నోట్లో నిలుపుకుని, కళ్లు సగం మూసుకుని, మెల్లగా వదిలాడు. బూడిద తెల్లగా, గట్టిగా, వేలెడు పొడవున రాలకుండా నిలిచింది. నేను జేబులోంచి కాగితం, పెన్ను తీశాను.

“ఎట్లుంది?”

“పొద్దుమీకి చెప్త.”

“ఇప్పుడే ఎంతో కొంత చెప్పు బాపూ. సేటు మధ్యాహ్నమే బల్లార్షా పోతుండు.”

“మొదటి సగం ఏ చుట్టయినా మంచిగనే మాట్లాడుతది. కొత్త అల్లుడు లెక్క. ఆర్పిపెట్టి, ఎనిమిది గంటలు ఆగి, మళ్ల ముట్టించినప్పుడు ఏం మాట్లాడుతదో గదే దాని మాట.”

“సేటు ఆగడు.”

“సేటుకు గంత తొందరుంటె సేటు నోరు సేటుకున్నది గద” అన్నాడు. సరిగ్గా సగం దగ్గర ఆపి, రాయి మీద ఆనించి దానంతట అది ఆరిపోయేదాకా చూసి, మూడో వరస సందులో పెట్టాడు. గేటు దగ్గర చేతులు పైకెత్తి తనిఖీ చేయించుకుని, దీపం పెట్టుకుని లోపలికి పోయాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అందులో ఒక్క ముక్క లేదు.

ఆ పగలు ఎట్లా గడిచిందో నాకే తెలుసు. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కార్ఖానాకు పోయేసరికి సేటు తన సిగార్ మొత్తం తాగేసి చెమటలు పట్టి కూర్చున్నాడు. “మంచిగనే ఉన్నది” అన్నాడు. ఎట్లా మంచిగా ఉందంటే, “ఖరీదు వాసన వస్తున్నది” అన్నాడు. అంతకు మించి ఆయన నోట్లోంచి రాలేదు.

పెద్దమ్మ రెండో సిగార్‌ను పీట మీద పెట్టి బ్లేడుతో నిలువునా కోసింది. పై ఆకును ఉల్లిపొరలాగా విప్పి పక్కన పరిచింది. లోపలి ఆకులను ఒక్కొక్కటే తీసి నాలుక కొసతో తాకి, మూడు కుప్పలు పెట్టింది. “మూడు జాగలల్ల ఆకు ఇది. ఒకటి కారం, ఒకటి తీపి, ఇంకోటి మంట నిలువనీకె” అంది. ఆకులను మనలాగా కుక్కలేదు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు మడిచి మడిచి పెట్టారు. గాలి పోవడానికి దారి వదిలారు. ఆమె దాన్ని చూసి చూసి, “ఇది చుట్టిన మనిషికి తొందర లేదు బిడ్డా” అంది.

ఆ మాట నాకు ఎందుకో కోపం తెప్పించింది. అందరికీ తీరిక ఉంది, నాకే లేదు. పెద్దమ్మ చెప్పింది రాసుకున్నాను. కాగితంలో సగం నిండింది. కాని కోసి చూస్తే తెలిసేది వేరు, తాగితే తెలిసేది వేరు. కావలసింది రుచి. ఎట్లా మొదలవుతుంది, మధ్యలో ఎట్లా మారుతుంది, చివర ఏం మిగులుతుంది. సేటు మధ్యాహ్నం బస్సు ఎక్కుతూ, “అయిదున్నర కల్లా కాగితం తోటి బల్లార్షా టేషన్‌ల ఉండాలె. నా బండి తీస్కో” అని తన మోపెడ్ తాళం ఇచ్చాడు. మొదటి షిఫ్ట్ నాలుగింటికి అయిపోతుంది. నాలుగుంబావుకు బాపు రెండో సగం ముట్టిస్తాడు. అయిదుకు బయల్దేరితే సరిపోతుంది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో.

మూడింటికే గోడ దగ్గర ఉన్నాను. మే నెల చంద్రపూర్ ఎండ గురించి చెప్పేదేముంది, ఇటుకలు పొయ్యి మీది పెనంలా కాలుతున్నాయి. గోడ నిండా సగం చుట్టలు. వాటి మధ్య మా బాపు సిగార్ ఒక్కటే లావుగా, మెరుస్తూ కనబడుతోంది. నేను గోడ చుట్టూ తిరిగాను, గేటు దాకా పోయాను, మళ్లీ వచ్చాను, మోపెడ్ స్టార్టవుతుందో లేదోనని రెండుసార్లు తొక్కి చూశాను.

నాలుగింటికి సైరన్ కూసింది. మనుషులు పైకి రావడం మొదలుపెట్టారు. నల్లటి ముఖాలు, ఎర్రటి కళ్లు. వచ్చినవాళ్లు వచ్చినట్టు సందులోంచి తమ సగాలు తీసుకుని ముట్టించారు. గోడ ఒక్కొక్క సందే ఖాళీ అయింది. బాపు రాలేదు. బాపుతో పనిచేసే నలుగురూ రాలేదు.

అయిదు సగాలు మిగిలాయి.

పొద్దున పెండ్లికొడుకు అని నవ్విన ఆయన నా దగ్గరికి వచ్చాడు. “పరేషాన్ కాకు బిడ్డా. కప్పు నుంచి జర బొగ్గు రాలింది. తొవ్వ మూసుకుపోయింది. అవతల అందరు బాగనే ఉన్నరట, లోపటి నుంచి రాడ్ తోటి కొట్టి జవాబు చెప్పిండ్రు. తీస్తున్నరు, గంట పట్టొచ్చు” అన్నాడు. దీపాల గదిలో ఉండే మరాఠీ ముసలాయన కిటికీలోంచి “కాళ్జీ కరూ నకో, బాళా” అని ధైర్యం చెప్పాడు.

అందరూ బాగానే ఉన్నారట. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పుడు దాచి లాభం లేదు. బాపు బాగున్నాడంటే ఇక నేను సిగార్ గురించి ఆలోచించుకోవచ్చు కదా.

నాలుగున్నర. అయిదుకు పది నిమిషాలు. గేటు లోపలికి కర్రలు, పలుగులు తీసుకుని కొందరు పరుగెత్తారు. నాకు బల్లార్షా ప్లాట్‌ఫారం మీద గడియారం కనబడుతోంది. దాని కింద సేటు కనబడుతున్నాడు. బొంబాయిలో ఇంకా చూడని ఒక గది కనబడుతోంది. ఎదురుగా మూడో వరసలో ఆ సగం సిగార్. బాపు చెప్పింది ఏమిటి? ఆరి, ఆగి, మళ్లీ ముట్టించినప్పుడు తెలుస్తుందని. ఆరింది. ఆగింది. ముట్టించడమే మిగిలింది. తాగితే నాకూ ఎంతో కొంత తెలియకపోతుందా అనుకున్నాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెత విని చిన్నప్పుడు నేనూ నవ్వినవాణ్నే.

ఎవరూ నా వైపు చూడటం లేదు. సందులోంచి సిగార్ తీసి గోడ అవతలికి పోయి ముట్టించాను.

నాలుగు దమ్ములు గుంజాను. తొందరలో గట్టిగా గుంజడంతో అది వేడెక్కి గొంతులో కారం పోసినట్టయింది. దగ్గాను. కళ్లు తుడుచుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఏమైనా రుచి తెలుస్తుందేమోనని నాలుకను నోరంతా తిప్పాను. ఇప్పపువ్వా? బెల్లమా? తోలా? బాపు చెప్పే మాటలన్నీ గుర్తొస్తున్నాయి కాని అందులో ఏదీ నా నోట్లో లేదు. నోట్లో మంట, బూడిద. మళ్లీ గుంజాను. “ఇప్పపువ్వు వంటి తీపి” అని రాశాను. అది నాకు తెలియలేదు, ఊరికే రాశాను. ఇంకా గుంజాను. సగంలో సగం అయిపోయింది.

అప్పుడు గోడ ఇవతల ఒక కేక వినబడింది. అది మా అవ్వ గొంతు.

పైకి వచ్చినవాళ్లు వాడకు చేరి, ఫలానావాళ్లు ఇంకా రాలేదని చెప్పారట. అవ్వ, మిగతా నలుగురి ఇంటి ఆడవాళ్లు ఉన్నవాళ్లు ఉన్నట్టే వచ్చారు. గేటు దగ్గర ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా గోడ దగ్గరికి వచ్చారు. మిగతా నలుగురూ తమ తమ సందుల్లో సగాలు చూసుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అవ్వ మూడో వరస చూసింది. పగిలిన ఇటుక పక్కన ఏమీ లేదు.

నేను పరుగున ఇవతలికి వచ్చేసరికి అవ్వ నేల మీద కూలబడి ఉంది. పక్కావిడ ఆమె భుజాలు పట్టుకుని, “ఎవరు తీసిండ్రు? ఎప్పుడు తీసిండ్రు?” అని అందరి మీదా అరుస్తోంది. మగవాళ్లు బిత్తరపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అవ్వ చేతులు ఆ ఎండిన మట్టిలో దేనికోసమో తడుముతున్నాయి. నోరు తెరిచి ఉంది, ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు.

“అవ్వా” అన్నాను.

తలెత్తి నన్ను చూసింది. తర్వాత నా చేతిని చూసింది. చేతిలో సిగార్ ఇంకా పొగలు కక్కుతోంది.

కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆ పది మంది ముందు నేను భూమిలోకి కుంగిపోవాలనుకున్నాను. బాపు లోపల రాళ్ల అవతల ఉన్నాడు. ఇక్కడ నేను ఆయన్ను చంపేశాను. అది కూడా ఒక కాగితం కోసం. ఆ కాగితం నా రెండో చేతిలోనే ఉంది.

అవ్వ లేచింది. పక్కావిడ చెయ్యి వదిలించుకుంది. “ఇటియ్యి” అంది. ఇచ్చాను. ఆ ముక్కను రాయికి ఆనించి, నిప్పు పూర్తిగా ఆరిపోయేదాకా తిప్పి తిప్పి నొక్కింది. బూడిద ఊదింది. జీవితంలో ఏనాడూ చుట్ట ముట్టని మనిషి. బాపు నోటి వాసనకు ముక్కు మూసుకునే మనిషి. పొద్దున తొడిగిన ఆ కాగితం ఉంగరం చెమటకు నాని చిటికెన వేలికి అతుక్కుపోయి ఉంది. ఆ చేత్తోనే ముక్కను తీసుకెళ్లి మూడో వరసలో, పగిలిన ఇటుక పక్క సందులో పెట్టింది. లోపలికి పడిపోకుండా వేలితో సర్దింది.

తర్వాత దాని ఎదురుగా కింద కూర్చుంది. మిగతా ఆడవాళ్లు కూడా వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. నాకు ఎవరూ జాగ ఇవ్వలేదు. నేను నిలబడే ఉన్నాను.

కాసేపటికి రైలు పట్టాల వైపు నుంచి బండి కూత వినబడింది. అది బల్లార్షా నుంచి నాగపూర్ పోయే బండి. పోతే పోయింది. ఆ క్షణంలో నాకు బొంబాయి మీద ఒక్క రవ్వ కూడా ఆశ లేదు. ఆ ఆశ అంత తొందరగా పోవడం చూసి, దానికోసమా నేను ఇంత పని చేశాను అనుకున్నాను.

పొద్దు గుంకుతుండగా అయిదుగురూ వచ్చారు. బాపు అందరికంటే వెనక. మోచేతి దగ్గర కొంచెం గీరుకుపోయింది, అంతే. గేటు దాటి అలవాటు ప్రకారం నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. మమ్మల్ని ఇంకా చూడలేదు. సందులో వేలు పెట్టి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. సగం పెట్టి పోయాడు, అందులో సగమే ఉంది. అప్పుడు తల తిప్పాడు. మట్టిలో కూర్చున్న అవ్వను చూశాడు. నన్ను చూశాడు. చాలాసేపు నన్నే చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పే అవసరం కూడా రాలేదు.

“అగ్గిపెట్టె తే” అన్నాడు నాతో.

ఇచ్చాను. అందుకునేలోగా అది కింద పడింది. ఆయనే వంగి తీసుకున్నాడు. ముట్టించి, అవ్వ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, తొందర లేకుండా మూడు దమ్ములు తీశాడు. మొదటిది మామూలుగానే వదిలేశాడు. రెండోది నోట్లో నిలిపాడు. మూడోదానికి కళ్లు సగం మూసుకున్నాడు. అవ్వ ఆయన చొక్కా కొస పట్టుకుని ఉంది. నేను కాగితం తియ్యలేదు.

“ఆకు మంచిదే” అన్నాడు. “దొరికింది సగంల సగమే. పూర్తిగ చెప్పలేను.”

మరునాడు పొద్దున్నే సేటు ఇంటికి పోయి నిజం చెప్పాను. ఆరేళ్లుగా ఆ నాలుక నాది కాదు, మా బాపుదని. సేటు వింటున్నంతసేపూ తాళం చెవి తిప్పుతూ కూర్చున్నాడు. “నిన్న టేషన్‌ల మూడు చాయలు తాగి నీకోసం చూసిన. ఆయనకు మొఖం చూపియ్యలేక దాక్కున్న” అన్నాడు. తర్వాత, “పోనీ మీ బాపునన్న అడిగి మొత్తం రాసుకరా, పోస్టుల పంపుదం” అన్నాడు.

వచ్చి బాపుకు చెప్పాను. “మూడూ అయిపోయినయి గద” అన్నాడు. ఆ రకం మళ్లీ చెయ్యరు. కాగితం మీద నేను రాసిన ఇప్పపువ్వు వాక్యం కొట్టేసి దాన్ని పొయ్యిలో పెట్టాను. నేను కార్ఖానాలో ఇంకొన్ని నెలలు ఉన్నాను, సరుకు తూకం దగ్గర. పొగాకు నమూనాలు సేటే స్వయంగా బాపుకు పంపేవాడు.

ఆ మధ్యలోనే వానాకాలం వచ్చింది. ఒకరోజు బాపు మరిచిపోయిన అన్నం గిన్నె ఇవ్వడానికి గని గేటు దాకా పోయాను. ఆయన అప్పటికే దిగిపోయాడు. గిన్నె దీపాల గదిలో ఇచ్చి వస్తూ, చూడకూడదనుకుంటూనే గోడ వైపు చూశాను. మూడో వరసలో పగిలిన ఇటుక పక్కన ఒక సన్నటి చుట్ట ఉంది. దానికి తునికాకు చుట్టి ఉంది. అది మా బాపుది కాదు. ఆయన తాగేది పైన కూడా పొగాకే చుట్టిన లంక చుట్ట.

సాయంత్రం ఇంట్లో అడిగాను. “నీ సందుల వేరేటోళ్లది ఉన్నది బాపూ.”

“జాగ మార్చిన” అన్నాడు అన్నం కలుపుకుంటూ.

“ఎక్కడికి?”

“మీ అవ్వకు చూపించిన” అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు అన్నాడు. అవ్వ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆయన ఆ తర్వాత ఎనిమిదేళ్లు బాయిలోకి దిగాడు. ఆ సందు ఏదో నాకు చెప్పలేదు. నేను మళ్లీ అడగలేదు.